కొస పట్టుకున్నందుకు

"ఏమున్నదమ్మా ఈడ చూడనీకి?"
అని అడిగింది ఆ పిల్ల.
మెడల కెమెరా,
మడమల దాంక నారాయణపేట దుమ్ము.
నా పండ్ల నడుమ దారం ఉండె.
జవాబు చెప్పాల్నంటే దారం ఉమ్మాలె.
ఉమ్మలేదు.

ఇరవై ఆరేండ్లాయె
చీరల బజార్ల ఈ అరుగు మీద
ఫాల్ కుట్టుకుంట కూసోని.
నన్ను దాటకుండ ఏ చీరా ఊరు దాటదు.

రాయచూరు బస్సు ఆగితే
చెన్నబసప్ప గద్దె మీదికెల్లి లేస్తడు:
"బన్నీ అక్కా, బన్నీ!"
పాలమూరు బస్సు ఆగితే
"రాండ్రి, లోపటికి రాండ్రి!"
కెమెరా కనవడితే ఏమనడు,
అంగీ పై గుండీ పెట్టుకుంటడు.

పిల్ల ఫోను తీసి చదివింది.
ఎవరో వచ్చిపోయినోళ్లు రాసిండ్రంట:
ఒకప్పటి బజారు గాదు,
రెండు గంటలు శానా ఎక్కువ,
దారి ఖర్చు దండుగ.

అబద్ధమని నేనెట్ల అంటి?
మగ్గం చప్పుడు ఈ గల్లీల
చిన్న పోరలు ఎరుగరు.
సంగమేశు తాత కాళ్లాడిన గుంతను పూడ్చి
దాని మీద కూల్‌డ్రింకుల ఫ్రిజ్జు నిలవెట్టిండ్రు.
అది గుర్రుమంటుంటది పగలూ రాత్రీ,
నేసినట్టే, ఏం నెయ్యకుండ.
పది చీరలల్ల ఆరు
యాడికెల్లో మూటల్ల దిగుతయి.
గళ్లు మనయే, అంచు మనదే,
చేతులే మనయి గావు.
వాటికి గూడ నేనే కుడ్త.
అదే సూది, అదే ముప్పై రూపాయలు.
అడిగినోళ్లకు చెప్త.
అడిగెటోళ్లు తక్కువ.

ఇగ మాగనూరు తిమ్మక్క ఉన్నది.
కందులు అమ్ముకున్న మర్నాడు వస్తది.
చెరుకు రసం తాగుతది.
మౌనేశు బంగారం దుకాణం ముంగట
అద్దానికి ముక్కు ఆనిచ్చి
బోరుమాల దండ తూకం కండ్లతోనే వేస్తది.
ఆడికెల్లి చీరల కాడికి,
ఆడికెల్లి స్టీలు సామాన్ల కాడికి.
పొద్దుగూకితే ఒట్టి చేతులతోని బస్సెక్కుతది,
మొఖం మాత్రం నిండుగ ఉంటది.
పదేండ్ల సంది చూస్తున్న.
ఆమెను ఎవ్వరూ టూరిస్టు అనలే.
ఆమె వస్తదా రాదా అని
ఏ ఫోన్లా ఎవ్వరూ రాయలే.

నాలుగు గొట్టంగ కరెంటు పోయింది.
ఖుర్షీద్ పీకో మిషిను
సగం పువ్వు మీద ఆగింది.
ఫ్రిజ్జు గుర్రు ఆగింది.
బజారు ఒక్కసారి చెవులు విప్పినట్టయింది:
తూకం రాళ్ల టక్‌టక్,
ఎవరిదో ఆవులింత,
సుత్తె దెబ్బ ఒకటి, సన్నగ, సరాఫుల దిక్కుకెల్లి.
దుకాణపోళ్లు ఒక్కొక్కరే గడపల మీదికొచ్చి
విసనకర్రలు ఊపుకుంట
ఒకరి బేరాన్ని ఒకరు ఎక్కిరిచ్చుకున్నరు.
కన్నడల మొదలైన నవ్వు
తెలుగుల దగ్గింది,
మరాఠీల చాయకు చెప్పింది.

పిల్లకు ఫోటోకు వెలుగు చాలలే.
కెమెరా మూత పెట్టి
అరుగు మీద నా పక్కన కూలవడ్డది.
చీర జారుతుండె.
"కొస పట్టు బిడ్డా" అన్న, కన్నుతోని.
పట్టింది.

మెరూన్ రంగు, సన్న గళ్లు,
ఈ ఊరి చివరాఖరి గల్లీల
నేసిన చీర అది, మొన్న దిగింది మగ్గం మీదికెల్లి.
ఏలు అంచెంబడి పోయి పోయి ఒక్కకాడ ఆగింది.
"ఈడ చిల్లులున్నయి. పాత చీరనా?"

అప్పుడు ఉమ్మిన దారం.

"పాతది గాదు.
నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండ
ముండ్ల కర్ర గుచ్చి బిగవడ్తరు.
మనిషి జరిగినకొద్ది ముండ్లు జరుగుతయి.
మిషిను చీరకు ఇవి ఉండయి."

ఇంగో మూర తడిమింది.
ఇంగోటి.
కండ్లు మూసుకోని లెక్కవెడ్తున్నదో ఏమో,
మూతి కదులుతున్నది.

కరెంటొచ్చింది.
ఫ్రిజ్జు మళ్ల గుర్రుమన్నది.
చెన్నబసప్ప గుండీ సవరిచ్చుకున్నడు.
పిల్ల కెమెరా దిక్కు చూసింది గని ముట్టలే.

"మల్ల వస్తవా" అని నేనడగలే.
రమ్మనేటంత సొమ్ము ఉన్నదో లేదో
ఈ బజార్ల, నాకేం ఎరుక.
"కొస పట్టినందుకు పది తగ్గిస్త" అన్న.
"చీర నాది గాదు గదా" అని
పకపక నవ్వింది.

నిజమే.
నాది గూడ గాదు.

దారం కొరికి తెంపి
ఇంగో చీర మోకాలి మీదికి గుంజుకున్న.